మధుమేహం – చీమల నాటి నుండి నేటి దాకా

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర రాయమని సంపాదకులు కోరారు. బొబ్బిలి యుద్ధం రాయడానికి మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను చక్కెర జబ్బు చరిత్ర రాస్తాను. అది మనలో చాలామంది ఇళ్లలోనే ఉంది.

1962లో పాలకొండ దగ్గర మా ఊళ్లో, నాన్నగారు మూత్రానికి వెళ్లే దొడ్డిగోడ వార చీమలు పట్టేవి. అమ్మ చూసింది గాని పైకి చెప్పలేదు. నాన్నగారు ఎలిమెంటరీ స్కూలు మాస్టారు, బక్కపలచని మనిషి, రోజూ చోడి అంబలి తాగేవారు. అది జమీందార్ల జబ్బు, మనకెందుకొస్తుందని ఊళ్లో అందరి ధీమా. కాలి పుండు మానకపోతే గాని ఆసుపత్రికి వెళ్లలేదు. అక్కడ నీలిరంగు బెనిడిక్ట్ ద్రావణంలో మూత్రం చుక్కలు వేసి కాచారు. ఇటుక రంగుకు తిరిగింది. ఆ పరీక్షతో చిక్కేమిటంటే, రక్తంలో చక్కెర సుమారు 180 దాటితే గాని మూత్రంలో కనబడదు. అప్పటికే ఆలస్యం. ముందు బొటనవేలు పోయింది, రెండేళ్లకు ఆయనా పోయారు.

ఉద్యోగంలో చేరాక చరక సుశ్రుతాల తాత్పర్యం చదివి నివ్వెరపోయాను. చీమల సంగతి చరకంలో ఉంది. కారణాలలో పెరుగు, కొత్త ధాన్యం, బెల్లంతో పాటు కూర్చునే సుఖం, నిద్ర సుఖం కూడా ఉన్నాయి. నా తాలూకాఫీసు కుర్చీ గుర్తొచ్చింది! పుట్టుకతో వచ్చేది ఒకటి, తిండి తేడాతో వచ్చేది ఒకటి అని సుశ్రుతం రెండుగా చెప్పింది. డబ్బులేని రోగిని చెప్పులూ గొడుగూ లేకుండా నూరు యోజనాలు నడవమంది. అంటే పేదవానికీ వస్తుందని ఏనాడో తెలుసు. మా ఊరికే తెలియలేదు.

1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్‌లు ఇన్సులిన్ కనుగొన్నారు. 1922 జనవరిలో 14 ఏళ్ల లియొనార్డ్ థాంప్సన్‌కు మొదటి ఇంజెక్షన్ ఇచ్చారు. బాంటింగ్ పుట్టినరోజైన నవంబరు 14 1991 నుండి ప్రపంచ మధుమేహ దినం. మనకు అది పిల్లలకు చాక్లెట్లు పంచే రోజు!

ఇక మన వైపు సంగతి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక చోళ్లు, గంటెలు వెనకబడ్డాయి. ఆకలి తీర్చిన పథకాన్ని నేను తప్పుపట్టను. కాని అదే కాలంలో నడకా పోయింది. సైకిలు మీద జమాబందీకి తిరిగిన నేనే తరువాత జీపెక్కాను, బొజ్జ పెంచాను. పరగడుపున 140 దాకా ఫరవాలేదని అప్పటి లెక్క. 1997లో అమెరికా మధుమేహ సంఘం, 1999లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ హద్దును 126కు దించాయి. నాది 131. నిన్నటి దాకా ఆరోగ్యవంతుణ్ణి, కాగితం మారేసరికి రోగిని. ఆ కాగితమే మేలు చేసింది. నా వేళ్లు పదీ ఉన్నాయి.

దేశంలో 10.1 కోట్ల మందికి ఈ జబ్బుందనీ, 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారనీ భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో అంచనా కట్టింది. మన మగవారికి నడుము 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలంటారు. పోయిన నెల మా అబ్బాయికి టేపు పెట్టి చూశాను, 98. నాకేం జబ్బు లేదు నాన్నా అన్నాడు. వాళ్ల తాతగారి బొటనవేలి సంగతి మొదటిసారి చెప్పాను. మర్నాడు పరగడుపున రక్తం ఇచ్చాడు. 118. ఇప్పుడు తెల్లవారుజామున ఇద్దరం అయ్యకోనేరు గట్టు మీద నడుస్తున్నాం. వాడే ముందు నడుస్తాడు.