తమ్గా తగిలించిన తర్వాత

బహాదురీ చూపినవాడికి తమ్గా యివ్వడం ప్రతి హుకూమత్‌కూ ఆనవాయితీ. సభ జరుగుతుంది, చప్పట్లు మోగుతాయి. ఆ తర్వాత ఆ మనిషి యిల్లు ఎలా గడిచిందో చరిత్ర పుస్తకాల్లో తక్కువగా కనిపిస్తుంది. అందుకే జాన్ హన్నా సంగతి మన సభ్యులకు చెప్పదలచాను.

హన్నా 1921లో స్కాట్లండులోని పెయిస్లీలో పుట్టాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ బాంబర్ విమానంలో వైర్‌లెస్ ఆపరేటరుగా, గన్నరుగా పనిచేశాడు. ఇంగ్లండు మీద దండెత్తడానికి జర్మన్లు బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ రేవులో పడవలు చేర్చారు. 1940 సెప్టెంబరు 15 రాత్రి వాటిమీద బాంబులు వేస్తుండగా గుండు తగిలి విమానం అంటుకుంది. లోపలి తూటాలు పేలసాగాయి. యిద్దరు పారాచూట్లతో దూకేశారు. హన్నా కూడా దూకవచ్చు, గాని దూకలేదు. మంటలార్పే సిలిండర్లు ఖాళీ ఐతే లాగ్‌బుక్కుతో కొట్టాడు, చివరికి చేతులతోనే ఆర్పాడు. మొహం కాలిపోయినా పాకుతూ వెళ్లి పైలట్ కానర్‌కు మ్యాపులు అందించాడు. విమానం క్షేమంగా దిగింది.

అక్టోబరులో బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో ఆరవ జార్జి చక్రవర్తి అతనికి విక్టోరియా క్రాస్ ప్రదానం చేశాడు. సెప్టెంబరు 13న ఆ ప్యాలెస్ మీద కూడా బాంబులు పడ్డాయి. అప్పటికి హన్నాకు 18 యేళ్లే. విమాన సిబ్బందిలో అంత చిన్న వయసులో ఆ తమ్గా పొందినవాడు మరొకడు లేడు. కానర్ ఐతే నవంబరులోనే మరొక దాడి నుంచి తిరిగివస్తూ మరణించాడు.

ఆ తమ్గాతో మామూలు సిపాయికి వచ్చే సొమ్ము అప్పట్లో యేడాదికి 10 పౌన్లు. కాలిన గాయాలతో బలహీనపడిన హన్నాకు క్షయ పట్టుకుంది. 1942 డిసెంబరులో పింఛనుతో సైన్యం నుంచి పంపివేశారు. భార్యనూ ముగ్గురు చిన్న కూతుళ్లనూ పోషించడానికి టాక్సీ నడిపాడు, శరీరం సహకరించక అదీ మానుకున్నాడు. క్షయకు పనిచేసే స్ట్రెప్టోమైసిన్‌ను 1943లోనే కనుగొన్నా, బ్రిటన్‌లో అందరికీ ఇంకా అందలేదు. 1947 జూన్ 7న శానటోరియంలో కన్నుమూశాడు. వయసు 25 యేళ్లు.

హన్నాను గౌరవించడంలో ఆ దేశం లోటు చేయలేదు. గాని గౌరవం ఒక్క రోజుది, ఆకలి రోజూ వచ్చేది. మన సంఘం కూడా యేటా శాలువాలు కప్పుతుంది, మంచిదే. ఐతే యెవరి యింట్లో సంపాదించే చెయ్యి పడిపోయిందో, యే బేవా పిల్లల ఫీజు కోసం యెదురు చూస్తున్నదో అడిగి తెలుసుకోవడం అంతకంటే పెద్ద పని. జకాత్ మనమీద ఫర్జ్ అయింది అందుకే గదా!