కోడి రామ్మూర్తి గారి కండలూ, పళ్ళెంలో పెరిగే కండలూ

మా విజయనగరం, శ్రీకాకుళం వైపు కండబలం మాటెత్తితే ముందు వచ్చే పేరు కోడి రామ్మూర్తి నాయుడు గారిది. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, గుండెల మీద ఏనుగునెక్కించుకుని, ఇనుప గొలుసులు తెంపి "కలియుగ భీముడు" అనిపించుకున్నారు. 1942లో పోయారు. తర్వాత ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి కరణం మల్లీశ్వరి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 110, 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. అదంతా "నేల మహిమ" అనేస్తారు మావాళ్ళు. అసలు కండ ఎలా పెరుగుతుంది?

రామ్మూర్తి గారి రోజుల్లో శాస్త్రానికీ ఈ సంగతి పెద్దగా తెలీదు. 1961లో అలెగ్జాండర్ మౌరో కప్ప కండరాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తుంటే, కండపోగుల అంచున అతుక్కుని చిన్న చిన్న కణాలు కనబడ్డాయి. వాటికి శాటిలైట్ కణాలని పేరు పెట్టాడు. కండ దెబ్బతిన్నప్పుడు నిద్రలేచి మరమ్మతు చేసేవి ఇవే. హైదరాబాద్ సీసీఎంబీలో జ్యోత్స్నా ధవన్ గారు పరిశోధించింది కూడా ఈ నిద్ర గురించే.

మనిషి కండలోంచి ఈ కణాలు తీసి పళ్ళెంలో పెంచడం వచ్చాక, మొదట్లో పశువుల రక్తం నుంచి తీసిన సీరమ్ పోసేవాళ్ళు. అందులో ఏది పనిచేస్తోందో తేలేది కాదు. 1980ల్లో సీరమ్ మానేసి, గ్రోత్ ఫాక్టర్లు విడివిడిగా వేసి చూశారు. ఎఫ్‌జీఎఫ్ వేస్తే కణాలు రెండు, నాలుగు, ఎనిమిది అవుతూ పోతాయి గానీ పోగులవ్వవు. అది తీసేస్తే విభజన ఆపి, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి పొడవాటి పోగులవుతాయి. ఐజీఎఫ్-1 మాత్రం సంఖ్యా పెంచుతుంది, పోగులుగానూ మారుస్తుంది. మయోస్టాటిన్‌ది బ్రేకు పని. 1997లో సే-జిన్ లీ బృందం ఎలుకల్లో దాని జన్యువు తీసేస్తే కండలు రెండు మూడింతలు బరువెక్కాయి.

ఇక్కడే వ్యాపారం మొదలు. "మనిషి కణాల మీద పనిచేసింది" అంటూ జిమ్ము కుర్రాళ్ళకి ఐజీఎఫ్-1 ఇంజెక్షన్లు అంటగడతారు. మన భాషలో చెప్పాలంటే, యూనిట్ టెస్ట్ పాసయ్యింది కదా అని నేరుగా ప్రొడక్షన్‌లో పెట్టెయ్యడం! పళ్ళెంలో నరం లేదు, కాలేయం లేదు, మొయ్యాల్సిన బరువూ లేదు. ఒంట్లో ఐజీఎఫ్-1 కండను వెతుక్కుంటూ పోదు. రక్తంలో చక్కెర పడిపోవచ్చు, ఎక్కడో దాక్కున్న కేన్సర్ కణానికీ అదే మేత. క్రీడల్లో దాన్ని నిషేధించింది ఊరికే కాదు.

తమాషా ఏంటంటే, బరువెత్తినప్పుడు కండ తనకు కావలసిన ఐజీఎఫ్-1ని తానే తయారుచేసుకుంటుంది, అవసరమైన చోట, అవసరమైనంత. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ నుంచి అంతమంది వెయిట్‌లిఫ్టర్లు వచ్చారంటే, నేల కన్నా ఆ నేల మీద రోజూ ఎత్తి దించిన ఇనుముదే మహిమ అంటాను. పొద్దస్తమానం కుర్చీల్లో కూర్చునే మనకి ఆ ఇనుము ఇంకా అవసరం :)