మోటబావి కింది నారుమడి

టమాట పరదేశము నుండి వచ్చిన మొక్కయే గాని, అది వేళ్లూనిన మడి మాత్రము మనదే. ఆండీస్ పర్వత ప్రాంతమున పుట్టి, మెక్సికోలో పంటగా పరిణతి నొంది, 16వ శతాబ్దమున స్పెయిన్ వారి వెంట ఐరోపాకును, పిదప పోర్చుగీసు నావలపై భారత తీరమునకును చేరిన ఆ ఫలము మన కూరలలో స్థానము సంపాదించువరకు పులుపునకు ముఖ్యముగా చింతపండే దిక్కుగా నుండెను.

నల్లగొండ జిల్లాలోని నార్కట్‌పల్లి పరిసరములు ఎర్రచెలకలు. వానను నమ్ముకొని జొన్న, సజ్జ, ఆముదము, కంది పండించు ఆ మెట్టల నడుమ కూరగాయలకు ఆధారము మోటబావి. నిజాము ప్రభుత్వపు రెవెన్యూ లెక్కలలో కుష్కి (మెట్ట), తరి (మాగాణి), బాగాయతు అను విభజనయందు చివరి పేరు తోటభూములది. ఎద్దుల జత వాలుబాట దిగినప్పుడెల్ల తోలుబొక్కెన ఒడ్డున కుమ్మరించు నీరు స్వల్పమగుటచేత, తోటవాడు ఆ నీటికి తగినంత మడినే కట్టుకొని, ఒక మూల నీరు నిలువకుండ, మరియొక మూల ఎండకుండ అడుగు చదును చేయుచుండెను. రాజులు కట్టించిన గుడులకంటె ఈ నేర్పును తక్కువగా నెంచుట నాకు సమ్మతము కాదు.

వంకాయ, మిరప, టమాట ఒకే కుటుంబపు మొక్కలు. కావున కొత్త పంటకు కొత్త విద్య అవసరము కాలేదు. వేసవి దుక్కి దున్ని, చెరువుమట్టి తోలి, గొర్రెలమందను కట్టి బలపరచిన నేలలో, రోహిణి కార్తెనాటికి గజము వెడల్పు, జానెడెత్తు గల నారుమడి సిద్ధపరచి, విత్తనము చల్లి, తాటాకు నీడ కల్పించినచో, ఇరువదియైదు, ముప్పది దినములకు నారు అందివచ్చును. ఆరుద్ర తొలకరిలో దానిని నాటుదురు. తీవ్రమైన ఎండలో పూత రాలి వేసవి కాపు సన్నగిల్లును గనుక, ముందుగా నాటినవానికి మంచి ధర దక్కు నవకాశము కలదు; అయితే తెల్లదోమ మోసుకొనివచ్చు ఆకుముడత తెగులు భయమును ముందునారుకే అధికము. పూసా రూబీ, అర్క వికాస్ మొదలగు రకములు వచ్చినను నారు పెంచి నాటు ఈ క్రమము మారలేదు.

మారినది నీరు. విద్యుత్ మోటార్లు వచ్చి మోటను మాన్పినవి. బోర్లు లోతునకు పోయినవి. 2015లో మొదలైన తెలంగాణ ప్రభుత్వపు మిషన్ కాకతీయ పథకము చెరువుల పూడిక తీయించి రైతుల పొలములకు చేర్చినప్పుడు, చెరువుమట్టి తోలు పాత తోటవాని పద్ధతియే తిరిగి విరివిగా ఆచరణకు వచ్చినది. చెరువుమట్టిని ఇటుకబట్టీలకు పోనీయక, ప్రతి వేసవియందును ముందుగా నారుమడులకు తోలుకొనుడని ఈ ప్రాంతపు రైతులను ప్రార్థించుచున్నాను.