ప్రోఖొరోవ్ త్ర్యోఖ్‌గోర్నయా మిల్లు

మాస్కో నగరంలోని ప్రెస్న్యా ప్రాంతంలో 1799 నుంచి 1918 దాకా ఒకే కుటుంబం చేతిలో నడిచిన అద్దకం, రంగుల మిల్లు ఇది. ప్రోఖొరోవ్ వంశంలో ఐదు తరాలవాళ్ళు దీన్ని నడిపారు. ‘త్ర్యోఖ్‌గోర్నయా’ అంటే మూడు కొండలది అని అర్థం. మిల్లు కట్టిన మెరక నేలకు మాస్కో జనం పెట్టుకున్న పేరే మిల్లుకూ వచ్చింది. రష్యా సామ్రాజ్యంలో పూల చీట్లకు, అద్దకపు తలగుడ్డలకు పేరు మోసిన సంస్థల్లో ఇది ముందువరసలో నిలిచింది.

స్థాపకుడు వసీలీ ఇవానొవిచ్ ప్రోఖొరోవ్‌కు అద్దకం కులవృత్తి కాదు. ఆయన పూర్వులు త్రోయిత్స్ సెర్గీయెవ్ మఠం భూముల్లో రైతులు. 1764లో రాణి కేథరీన్ మఠాల భూములను ప్రభుత్వపరం చేయడంతో ఆ రైతులకు మఠం కట్టుబాట్లు తెగిపోయాయి. ఆ కుటుంబం మాస్కో చేరింది. వసీలీ బీరు కాచి అమ్మి నాలుగు డబ్బులు వెనకేశాడు. పెట్టుబడి ఆయనదైతే, రంగుల పని తెలిసినవాడు భాగస్వామి ఫ్యోదర్ రెజానొవ్. అద్దకపు పనిలో ఆరితేరినవాడు కావడంతో గుడ్డకు రంగు పట్టించే మర్మం ఆయనకు తెలుసు. ఆ మర్మం ఎవరి దగ్గరుంటే మిల్లు వాళ్ళ మీదే నిలబడుతుంది. ఈ కుటుంబం చరిత్ర అంతా, ఆ విద్యను పరాయివాళ్ళ చేతుల్లోంచి తమ చేతుల్లోకి తెచ్చుకోవడానికి పడ్డ పాటే అనిపిస్తుంది.

ఆ విద్య ఏమిటో కొంచెం దగ్గరగా చూడాలి. ఆ కాలపు ఎరుపుకు ఆధారం మంజిష్ఠ జాతి మొక్క వేరు. వేరును ఉడికించి ఆ నీళ్ళలో గుడ్డ ముంచినంత మాత్రాన రంగు నిలవదు, ఉతుకులో పోతుంది. ముందు పటిక నుంచి తయారుచేసిన ద్రావణాన్ని జిగురుతో చిక్కచేసి, కొయ్య అచ్చుతో పువ్వు పువ్వుగా గుడ్డ మీద అద్దాలి. దాన్ని ఆరబెట్టి, అదనంగా అంటిన మందూ జిగురూ పోయేలా ఆవుపేడ కలిపిన వేడినీళ్ళలో జాడించాలి. ఆ తర్వాతే వేరు నీళ్ళలో కాచాలి. పటిక అద్దిన చోట ఎరుపు, ఇనుప ద్రావణం అద్దిన చోట నలుపు లేదా ఊదా, రెండూ కలిపిన చోట గోధుమరంగు తేలతాయి. తొట్టి ఒక్కటే, రంగులు మూడు. చివర్న తవుడు నీళ్ళలో ఉడికిస్తే పువ్వుల మధ్య నేల తెల్లబడుతుంది. మచిలీపట్నం కలంకారీవాళ్ళు పటికతోనూ చిరివేరుతోనూ తరతరాలుగా చేస్తూ వచ్చిన పనికీ దీనికీ సూత్రం ఒకటే. ఐరోపాకు పూల గుడ్డల వ్యామోహం పట్టించిందే మన దేశపు అద్దకపు బట్ట. పూల గుడ్డను రష్యన్లు ‘సీతెత్స్’ అంటారు. డచ్చివాళ్ళ ద్వారా రష్యాకు చేరిన ఈ మాటకూ, మన ‘చీటిగుడ్డ’లోని చీటికీ మూలం ఒకటే.

ఈ పనికి నీళ్ళు విస్తారంగా కావాలి. మస్క్వా నది ఒడ్డును ఎంచుకోవడానికి అదే కారణం. 1812లో నెపోలియన్ సేన ప్రవేశించాక మాస్కో తగలబడింది. నగరంలోని అద్దకపు కార్ఖానాలు చాలావరకు బూడిదయ్యాయి. ప్రోఖొరోవ్‌ల మిల్లు మాత్రం మిగిలింది. ఇల్లూవాకిలీ పోగొట్టుకున్న జనానికి బట్ట కావాలి, అద్దేవాళ్ళేమో కరువు. సంస్థ ఎదుగుదలకు ఆ రోజులే పునాది వేశాయి. 1813లో రెజానొవ్ విడిపోయాడు. 1815లో వసీలీ కన్నుమూశాడు.

పగ్గాలు అందుకున్న కొడుకు తిమొఫేయ్ (1797–1854) ఈ వంశంలో అందరికన్నా ఆలోచనాపరుడు. 1816లో మిల్లులోనే కార్మికుల పిల్లలకు బడి పెట్టాడు. చదువు, లెక్కలతో పాటు బొమ్మ గీయడం, అచ్చు చెక్కడం, రంగు కలపడం నేర్పించాడు. పేద ఇళ్ళ పిల్లలను కొన్నేళ్ళ ఒప్పందం మీద తీసుకుని పనివాళ్ళుగా తీర్చేవారు. అందులో మిల్లు అవసరం ఉన్న మాట నిజమే. కానీ అప్పటికి రష్యాలో రైతు ఇంకా భూస్వామి సొత్తు, దాస్యం రద్దయింది 1861లో. అలాంటి కాలంలో కార్మికుడి బిడ్డకు అక్షరం చెప్పించడం చిన్న సంగతి కాదు. ధనం ఎందుకు, ఎంతవరకు అన్న ప్రశ్న మీద తిమొఫేయ్ ఒక వ్యాసం కూడా రాశాడు.

1843లో ఆయన సోదరులు ఇవాన్, కాన్స్టంటిన్, యాకొవ్ తమ పేర్లతో వర్తక సంస్థ పెట్టుకున్నారు. 1874లో అది వాటాల కంపెనీ అయింది. 1877లో మంటలు మిల్లును మింగినా కుటుంబం మళ్ళీ నిలదొక్కుకుంది.

ఈలోగా రంగుల లోకమే తలకిందులైంది. 1868లో జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు గ్రేబె, లీబర్‌మన్ మంజిష్ఠ వేరులోని ఎరుపు పదార్థం అలిజరిన్‌ను తారు నుంచి వచ్చే ఆంత్రసీన్‌తో తయారుచేశారు. దాగెస్తాన్‌లోని దెర్బెంత్ చుట్టుపక్కల రష్యా మిల్లుల కోసం వేరు పండించే తోటలు కొద్ది ఏళ్ళలోనే దెబ్బతిన్నాయి. ఇక మిల్లుకు కావలసింది చేతివాటం తెలిసిన రంగరేజు కాదు, రసాయన శాస్త్రం చదివినవాడు. యాకొవ్ మనుమడు సెర్గేయ్ (1858–1899) మాస్కో విశ్వవిద్యాలయంలో చదివి వచ్చి మిల్లులో ప్రయోగశాల నెలకొల్పాడు. తాతల నాడు భాగస్వామి గుప్పిట్లో ఉన్న విద్య అలా ఇంటి బిడ్డకే వచ్చింది. అయితే రంగులు మాత్రం జర్మనీ నుంచి రావలసిందే. 1914లో యుద్ధం మొదలవగానే ఆ సరఫరా తెగి రష్యా మిల్లులన్నీ ఇబ్బంది పడ్డాయి.

సెర్గేయ్ తర్వాత తమ్ముడు నికొలాయ్ (1860–1915) సంస్థను నడిపాడు. 1900 పారిస్ ప్రదర్శనలో మిల్లుకు అత్యున్నత బహుమతితో పాటు కార్మికుల వసతులకు బంగారు పతకం దక్కింది. ఆసుపత్రి, వసతిగృహాలు, వృత్తి పాఠశాల, నాటకశాల అక్కడ ఉండేవి. ఐదేళ్ళు తిరిగేసరికి, 1905 డిసెంబరులో, జారు ప్రభుత్వంపై మాస్కోలో లేచిన తిరుగుబాటుకు ఆ మిల్లే కంచుకోట అయింది. కార్మికుల భోజనశాల తిరుగుబాటుదారుల కేంద్రంగా మారింది. జారు సేనలోని సెమ్యోనొవ్‌స్కీ దళం ప్రెస్న్యాను ఫిరంగులతో కొట్టి లొంగదీసుకుంది. మిల్లు ఆవరణలోనే కార్మికులను కాల్చి చంపారు. యజమాని ఎంత కట్టించి ఇచ్చినా, తన బతుకు మీద తనకు మాట లేనివాడికి అది చాలదు. ఈ మిల్లు చరిత్రలో పతకాల కన్నా ఆ డిసెంబరే పెద్దది.

1912లో నికొలాయ్‌కి వంశపారంపర్య కులీన హోదా లభించింది. ఆయన కొడుకు ఇవాన్ ఆఖరి యజమాని. 1918లో మిల్లు జాతీయమైంది. సోవియట్ కాలమంతా అక్కడ పూల గుడ్డలు అద్దుతూనే వచ్చారు. 21వ శతాబ్దంలో ఉత్పత్తి మాస్కో నుంచి తరలిపోగా, ఎర్ర ఇటుకల భవనాలు కార్యాలయాలకు, దుకాణాలకు అద్దెకు వెళ్ళాయి. దగ్గరి మెట్రో స్టేషన్ పేరు ‘1905 వీధి’.