కరవు కాలంలో కృప: ఒంగోలు సంఘ చరిత్ర నుండి ఒక పరిశీలన

ఎఫెసీ 2:8-10 వాక్యభాగాన్ని మనం తరచుగా 9వ వచనంతోనే ఆపివేస్తాము. కృప మనలను సత్‌క్రియల కొరకు సిద్ధపరచుననే 10వ వచనం ప్రసంగాలలో వెనుకబడుతుంది. ఒంగోలు సంఘ చరిత్రలో ఈ రెండూ ఒకేచోట కనబడుతున్నాయి.

1876-78 కరవులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ గారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకొని వేలాదిమందికి పని కల్పించారు. వారిలో మాదిగలు అనేకులు. తెలుగు బోధకులే అక్కడ మేస్త్రీలు. పని ఆగిన వేళల్లో వారే సువార్తికులు. బాప్తిస్మం అడిగినవారు చాలామంది. అయితే సహాయ కార్యక్రమం నడిచినంత కాలం, సుమారు 15 నెలలు, క్లౌ గారు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. గింజల కోసం వచ్చారనే నింద సంఘం మీద పడుతుందని ఆయన భయం.

ఉచితమైన కృపకు గడువు పెట్టవచ్చునా? ఐతియొపీయుని ఫిలిప్పు ఒక్క పూట కూడా ఆపలేదు గదా! ఈ ప్రశ్నను మేము తేలికగా తీసివేయలేము. అయినా కూలికీ బాప్తిస్మానికీ ముడిపెట్టకపోవడం వలన సంఘసేవ బేరంగా మారలేదని మా అభిప్రాయం.

1878లో వెల్లంపల్లికి జనం తరలివచ్చినప్పుడు, ఇవ్వడానికి తన యొద్ద డబ్బు లేదని క్లౌ గారు చెప్పారు. మాకు సహాయం అక్కరలేదు, కాయలు కాచిన మా చేతులే సాక్ష్యమని వారు బదులిచ్చారు. జూలై 3న గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చినవారు ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున. క్లౌ దొర ఆ దినం ఒక్కరికైనా ఇవ్వలేదు.