ఒక గంట ఆకాశం: జైల్లో ఆటపాటల పుట్టుపూర్వోత్తరాలు

ఖైదీని పడుకోనివ్వకపోయినా, కూర్చోనివ్వకపోయినా, అన్నం తిననివ్వకపోయినా, కాలకృత్యాలకు పోనివ్వకపోయినా, అటూ ఇటూ తిరగనివ్వకపోయినా అందుకు కారణమైన అధికారికి జరిమానా వేయాలంటుంది కౌటిల్యుడి అర్థశాస్త్రం. ఆ జరిమానా మూడు పణాలతో మొదలై పెరుగుతూ పోతుంది. తిండి, నిద్రల సరసన నడకనూ చేర్చడం గమనించదగ్గ విషయం. రాజు జన్మనక్షత్రం రోజున, పున్నమినాడు పిల్లలను, ముసలివాళ్లను, రోగులను, దిక్కులేనివాళ్లను చెరనుంచి వదిలేయాలని కూడా అందులోనే ఉంది. బందీగా ఉన్నవాడి ఒంటికీ కదలిక కావాలన్న ఎరుక ఈ నేలమీద అంత పాతది.

అయితే ఆ ఎరుక రాతలో ఉన్నంతగా చెరసాలల్లో కనిపించలేదు. గోల్కొండ కోటలో భక్త రామదాసు బందీగా ఉన్నాడని చెప్పే గదిని ఇప్పటికీ చూడవచ్చు. గోడమీది దేవుళ్ల బొమ్మలు ఆయనే చెక్కాడని జనం నమ్ముతారు. ఆ కాలపు చెరసాల విచారణ ముగిసేదాకానో, బాకీ తీరేదాకానో, ప్రభువు మనసు కరిగేదాకానో మనిషిని ఆపి ఉంచే చోటు. లోపల వాడికి పొద్దెలా గడుస్తుందన్నది ఎవరికీ పట్టేది కాదు. గంట కొట్టి లేపడం, లెక్కపెట్టడం, పనికి పంపడం, మళ్లీ లెక్కపెట్టి తాళం వేయడం అనే దినచర్య ఆధునిక జైలుతో వచ్చింది.

కదలికే శిక్షగా మారిన కాలం

ఇంగ్లండులో జాన్ హోవర్డ్ ఊరూరా జైళ్లు తిరిగి, అక్కడి మురికిని, రోగాలను, ఆకలిని 1777లో పుస్తకంగా అచ్చువేశాడు. గాలి, నీళ్లు, శుభ్రత, పని ఖైదీకి కావాలని వాదించాడు. వాటిలో పని అన్న మాటను పాలకులు గట్టిగా పట్టుకున్నారు. 1818లో విలియం క్యూబిట్ అనే ఇంజనీరు జైళ్ల కోసం తొక్కుడు చక్రం తయారుచేశాడు. పొడవాటి పీపాలాంటి చక్రానికి చుట్టూ మెట్లుంటాయి. ఖైదీలు వరసగా నిలబడి, పైనున్న కడ్డీ పట్టుకుని ఎక్కుతూ ఉండాలి. కాలు మోపిన మెట్టు కిందికి జారిపోతుంది కనుక ఎంత ఎక్కినా ఉన్నచోటే ఉంటారు. కొన్ని జైళ్లలో ఆ చక్రం ధాన్యం విసిరేది, నీళ్లు తోడేది. చాలాచోట్ల దానితో ఏ పనీ జరిగేది కాదు, ఖైదీని అలసగొట్టడమే దాని పని. 1898 చట్టం వచ్చేదాకా బ్రిటన్‌లో ఇది సాగింది.

1842లో లండన్‌లో తెరిచిన పెంటన్‌విల్ జైలు ఇంకో దారి పట్టింది. మనిషికొక కొట్టు ఇచ్చారు, ఒకరితో ఒకరికి మాటల్లేవు. గాలి కోసం బయటికి తెచ్చినప్పుడు కూడా ముఖం కప్పే టోపీ పెట్టి, ఎడం ఎడంగా నడిపించేవారు. ఆ నడకను వ్యాయామం అన్నారు. ఖైదీ జబ్బుపడి చచ్చిపోకుండా చూసే వైద్యం లాంటిదే తప్ప అందులో ఉల్లాసానికి చోటులేదు.

పనినే శిక్షగా మార్చే ఆలోచన పెంటన్‌విల్ కంటే ముందే మన దేశానికి దిగుమతి అయింది. గవర్నర్ జనరల్ మండలి సభ్యుడు మెకాలే చొరవతో ఏర్పడిన జైలు కమిటీ 1838లో నివేదిక ఇస్తూ, ఖైదీల పని విసుగు పుట్టించేదిగా, ఏ ఆసక్తీ కలిగించనిదిగా ఉండాలని సిఫారసు చేసింది. దాని పరాకాష్ఠ అండమాన్. 1906కు పూర్తయిన సెల్యులార్ జైల్లో ఎద్దు తిప్పాల్సిన గానుగను మనిషి తిప్పాడు. రోజుకు 30 పౌన్ల కొబ్బరినూనె తీయాలి, తగ్గితే దండన. అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన మన్యం పోరాటయోధుల్లో కొందరిని పంపింది ఈ అండమాన్‌కే.

పస్తులుండి గెలిచినవి

1919-20లో అలెగ్జాండర్ కార్డ్యూ అధ్యక్షతన పనిచేసిన జైళ్ల కమిటీ, జైలు లక్ష్యం మనిషిని బాగుచేయడం కావాలని మొదటిసారి గట్టిగా చెప్పింది. కాగితం మీది ఆ మాటకు కదలిక తెచ్చింది మాత్రం ఖైదీలే. 1929లో భగత్ సింగ్, ఆయన సహచరులు నిరాహారదీక్షకు దిగినప్పుడు అడిగినవి మంచి తిండి, పుస్తకాలు, దినపత్రిక, బలవంతపు చాకిరీ నుంచి విముక్తి. వీటికోసం జతీంద్రనాథ్ దాస్ 63 రోజులు పస్తుండి లాహోర్ జైల్లో సెప్టెంబర్ 13న కన్నుమూశాడు.

1933లో అండమాన్ ఖైదీలూ దీక్ష చేశారు. బలవంతంగా పాలు పోస్తుంటే అవి ఊపిరితిత్తుల్లోకి పోయి మహావీర్ సింగ్ చనిపోయాడు. మరో ఇద్దరి ప్రాణాలూ పోయాయి. ఆ తరవాతే ఆ కొట్లలోకి దీపం, పుస్తకం వచ్చాయి, కలిసి చదువుకునే వీలు కలిగింది. ఇవాళ ఏ జైలు గ్రంథాలయంలోనైనా ఖైదీ పేపరు తిరగేస్తున్నాడంటే ఆ వెనక ఇంత మూల్యం ఉంది.

ఈ గెలుపులో ఒక లోటూ ఉంది. 1930లో సర్కారు ఖైదీలను ఎ, బి, సి తరగతులుగా విడదీసింది. చదువు, హోదా ఉన్నవాళ్లకు పుస్తకాలు, మంచం, మెరుగైన భోజనం దక్కాయి. సి క్లాసు ఖైదీకి పాత బతుకే మిగిలింది.

1942 ఆగస్టులో క్విట్ ఇండియా పిలుపు తరవాత అహ్మద్‌నగర్ కోటలో నిర్బంధించిన కాంగ్రెస్ నాయకులు రోజును ఎలా నిలబెట్టుకున్నారో వాళ్ల పుస్తకాలే చెబుతాయి. నెహ్రూ రాళ్లూ రప్పలూ నిండిన నేల తవ్వి పూలతోట వేశారు, ‘డిస్కవరీ ఆఫ్ ఇండియా’ రాశారు. మన పట్టాభి సీతారామయ్య ‘ఫెదర్స్ అండ్ స్టోన్స్’ రాసింది కూడా అక్కడే. నిజామాబాద్ జైల్లో కాగితం దొరకని కవి దాశరథి బొగ్గుతో గోడమీద పద్యాలు రాశారు. తోటి ఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామి తరవాత ‘జైలు లోపల’ కథలు వెలువరించారు. పనికీ నిద్రకూ మధ్య తనదైన కాస్త సమయం దొరికితే మనిషి దానితో ఏం చేయగలడో ఈ పుస్తకాలు చెబుతాయి.

మన ఖైదీలు పుస్తకాల కోసం పోరాడితే, దక్షిణాఫ్రికాలోని రాబెన్ దీవి జైల్లో ఖైదీలు అడిగింది ఫుట్‌బాల్. ఏళ్ల తరబడి అడిగి, శిక్షలు అనుభవించి, 1960ల చివరికి శనివారాల్లో ఆడుకునే అనుమతి సాధించారు. మకానా ఫుట్‌బాల్ అసోసియేషన్ పెట్టుకుని, అంతర్జాతీయ నియమాల ప్రకారం లీగ్ నడిపారు. 2007లో ఫిఫా దానికి గౌరవ సభ్యత్వం ఇచ్చింది.

దయ నుంచి హక్కు దాకా

1955లో ఐక్యరాజ్యసమితి జెనీవా సభ రూపొందించిన కనీస ప్రమాణాలు, ఆరుబయట పని లేని ప్రతి ఖైదీకి రోజుకు కనీసం ఒక గంట బయటిగాలిలో వ్యాయామం ఉండాలన్నాయి. 2015లో వాటిని సవరించి దక్షిణాఫ్రికా నాయకుడు మండేలా పేరు పెట్టినప్పుడూ ఆ గంట అలాగే నిలిచింది.

మన దేశంలో ఈ దారి కోర్టుల మీదుగా సాగింది. నిర్బంధంలో ఉండి మరాఠీలో అణువు గురించి పుస్తకం రాసిన ప్రభాకర్ సంజ్‌గిరి దాన్ని అచ్చుకు పంపుకోవచ్చని సుప్రీంకోర్టు 1965లో చెప్పింది. ఆ తీర్పు రాసింది రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు. 1974లో విశాఖపట్నం సెంట్రల్ జైలు ఖైదీలు వేసిన భువన్ మోహన్ పట్నాయక్ కేసులో, శిక్ష పడినంత మాత్రాన ప్రాథమిక హక్కులన్నీ పోవని కోర్టు తేల్చింది. 1978లో సునీల్ బాత్రా కేసు ఆ మాటను ఒంటరి కొట్టులో నిర్బంధం దాకా తీసుకుపోయింది.

గోడలు లేని జైళ్లూ వచ్చాయి. 1939లో ఔంధ్ సంస్థానంలోని స్వతంత్రపూర్‌లో జరిగిన ప్రయోగమే దర్శకుడు శాంతారాం 1957లో తీసిన ‘దో ఆంఖే బారహ్ హాథ్’ సినిమాకు మూలం. హైదరాబాద్ మౌలాలిలో 1954లో, అనంతపురం దగ్గర 1965లో ఓపెన్ ఎయిర్ జైళ్లు మొదలయ్యాయి. అలాంటి చోట పొలంలో చెమటోడ్చే ఖైదీకి వ్యాయామం కోసం వేరే గంట అక్కర్లేదు. గోడలున్న జైళ్లలోకి ధ్యానమూ వచ్చింది. 1975లో జైపూర్ జైల్లో ధ్యాన గురువు గోయెంకా మొదటి విపశ్యన ధ్యాన శిబిరం పెట్టారు. 1994లో తీహార్‌లో వెయ్యిమందికి పైగా ఖైదీలు ఒకేసారి ధ్యానానికి కూర్చున్నారు.

ఇవాళ్టి లెక్క

ఇప్పుడు మన జైళ్లలో తెల్లారగానే తాళాలు తీస్తారు. లెక్క, టిఫిను, పని, ములాఖత్, క్యారమ్స్, వాలీబాల్, టీవీ ఉంటాయి. పొద్దుగూకే వేళకు రాత్రి అన్నం పెట్టి, లెక్క చూసి, బ్యారక్‌కు తాళం వేస్తారు. తెల్లారేదాకా అదే లోకం. ఆ పొడవాటి రాత్రిని తట్టుకోవడానికి పగటి ఆట, నడక, పుస్తకం ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు.

2022 చివరికి దేశంలోని జైళ్లలో 4,36,266 మందికి చోటుంటే 5,73,220 మంది ఉన్నారు. వాళ్లలో నూటికి 75 మందికి పైగా ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలు. శిక్షపడ్డవాళ్లకు వర్క్‌షాపుల్లో పని చూపిస్తారు, విచారణ ఖైదీలకు చాలాచోట్ల ఆ పనీ ఉండదు. జనం కిక్కిరిసినచోట మొదట కరిగేది ఆట స్థలం, నడిచే జాగా. 1930లో సి క్లాసు ఖైదీ ఎక్కడున్నాడో ఇవాళ బెయిలు కట్టలేని పేద విచారణ ఖైదీ దాదాపు అక్కడే ఉన్నాడు.

జైల్లో క్యారమ్ బోర్డు చూసి, వీళ్లకు విలాసాలేమిటని విసుక్కునేవాళ్లున్నారు. కోర్టు విధించేది స్వేచ్ఛ లేకపోవడం, ఆ శిక్ష అంతవరకే. దానికి గాలినీ, కదలికనూ, మాటనూ లాగేసుకోవడం కలిపితే అది కోర్టు వేయని రెండో శిక్ష అవుతుంది. ఆ మనుషుల్లో ఎక్కువమంది రేపో మాపో బయటికి వచ్చి మన వీధిలోనే బతకాలి. వాళ్లకు రోజుకొక గంట ఆకాశం ఇవ్వడం సర్కారు బాధ్యత, అది అందుతోందా అని అడగడం మన బాధ్యత.