మోనో సరస్సు: ఋతువుల లెక్క, నీటి న్యాయము

నాగరికతలు నదీతీరాలలో పుట్టినవని చెప్పడం చరిత్రకారులకు పరిపాటి. తాగడానికీ, పైరు పెట్టడానికీ, చేపలు పట్టడానికీ పనికివచ్చే నీటికి చరిత్ర ఉండడం సహజమే. ఈ మూడింటిలో ఒకదానికీ అక్కరకు రాని నీటికి కూడ చరిత్ర ఉంటుందా? ఉంటుందనడానికి మోనో సరస్సు నిదర్శనం. అది కాలిఫోర్నియా రాష్ట్రపు తూర్పు అంచున, సియెర్రా నెవాడా పర్వతాల పాదపీఠాన ఉన్నది. గత శతాబ్దపు చివరి పాతికేళ్ళలో ఆ సరస్సును గురించి చెలరేగిన వివాదం మన సర్వోన్నత న్యాయస్థానపు తీర్పులలోను, తిరుపతి చెరువుల వ్యాజ్యంలోను ప్రస్తావనకు వచ్చినది. కనుక దాని కథ మనకు పరాయిది కాదు.

సరస్సు సముద్రమట్టానికి సుమారు 6,380 అడుగుల ఎత్తున ఉన్నది. దాని వయస్సు 7,60,000 సంవత్సరాలకు తక్కువ కాదని భూశాస్త్రవేత్తలు నిర్ణయించినారు. పడమటి కొండల మంచు కరిగి వాగులుగా అందులోకి దిగుతుంది. బయటికి పోయే వాగు ఒక్కటీ లేదు. నీరు ఆవిరిగా లేచిపోవలసినదే. వాగులు మోసుకువచ్చిన లవణాలన్నీ అక్కడనే నిలిచిపోయి, యుగయుగాలుగా పేరుకొని, ఆ నీటిని సముద్రజలానికి రెండింతలకు మించిన ఉప్పుగా మార్చినవి. ఉప్పుతో బాటు మన చాకళ్ళు బట్టలకు వాడిన చవుడు వంటి క్షారం కూడ అందులో మెండు. సరస్సు అడుగున ఊరే మంచినీటి ఊటలలోని సున్నం ఆ క్షారజలంతో కలిసినచోట తెల్లని రాతిస్తంభాలు పెరుగుతాయి. ఇవి నీటిలోపల మాత్రమే పెరుగగలవు. నేడు యాత్రికులు ఒడ్డున నిలిచి, అబ్బురపడి చూసే స్తంభాలన్నీ ఒకనాడు మునిగి ఉన్నవే. సరస్సు ఎంత వెనుకకు పోయినదో అవి చెప్పక చెబుతాయి.

ఈ లోయలో తరతరాలుగా నివసించినవారు పాయూట్ జాతిలోని కుట్జాడికా జనం. సరస్సు ఒడ్డున కోట్లకొలది పుట్టే క్షారపు ఈగల కోశస్థ దశను వారు వేసవి చివర ఏరి, ఎండబెట్టి, పొట్టు రాల్చి, చలికాలపు తిండిగా దాచుకొనేవారు. కొంత పర్వతాల కావలికి మోసుకుపోయి ఓక్ గింజలకు మారకం వేసేవారు. మోనో అనే పేరు కూడ ఈగలను తినేవారని అర్థమిచ్చే పొరుగు జాతి మాటనుండి వచ్చినదంటారు. వారికి ఇది ఒక ధాన్యాగారం.

తరువాత వచ్చినవారి చూపు వేరు. 1862లో ఇక్కడికి వచ్చిన మార్క్ ట్వేన్ 1872లో ప్రకటించిన ‘రఫింగ్ ఇట్’ గ్రంథంలో దీనిని జీవం లేని, భయంకరమైన ఏకాంతంగా వర్ణించినాడు. మాసిన బట్టలను పడవ వెనుక కట్టి లాగితే చాలు, ఉదుకు పూర్తి అయినట్లేనని పరిహాసమాడినాడు. ఈగలను, పక్షులను అతడు చూడకపోలేదు. అయినను పాఠకుని మనస్సున నిలిచినది మృతసముద్రపు చిత్రమే. పొరుగున బోడీ గనులలో బంగారం పడిన రోజులలో గల్ పక్షుల గుడ్లు గనికార్మికుల బల్లలకు చేరినవి. 1889లో ఇజ్రాయెల్ రస్సెల్ ఈ లోయ ప్రాచీన భూచరిత్రను శాస్త్రీయంగా గ్రంథస్థం చేసినాడు. గనులు సన్నగిల్లినవి, లోకం సరస్సును మరచిపోయినది.

నిజానికి ఆ నీటిలో సంవత్సరం పొడుగునా ఒక క్రమం నడుస్తూనే ఉన్నది. చలికాలంలో ఉప్పురొయ్యల గుడ్లు అడుగుబురదలో నిద్రిస్తాయి. వసంతారంభాన అవి పొదిగి, నాచును మేసి, వేసవికి లక్షల కోట్లుగా పెరుగుతాయి. ప్రపంచంలో మరెక్కడా లేని జాతిగా వీటికి ఈ సరస్సు పేరే పెట్టినారు. ఏప్రిల్‌లో పసిఫిక్ తీరంనుండి గల్ పక్షులు పర్వతాలు దాటి వచ్చి, సరస్సు నడిమి దీవులలో గూళ్ళు కడతాయి. జూన్ నడుమనుండి ఫాలరోప్ అనే చిన్న నీటిపక్షులు దిగుతాయి. కొన్ని వారాలలో అవి ఈకలు మార్చుకొని, మేసి మేసి శరీరభారం రెట్టింపు చేసుకొని, ఒక్క ఊపున దక్షిణ అమెరికాకు ఎగిరిపోయి, అక్కడి ఉప్పుసరస్సులలో చలికాలం గడుపుతాయి. శరత్తున గ్రీబ్ అనే మునుగుడుపక్షులు పది లక్షలకు పైబడి చేరతాయి. తిండి సమృద్ధివల్ల వాటి రెక్కల కండరాలు క్షీణించి, కొంతకాలం ఎగురలేని స్థితికి వస్తాయి. రొయ్యలు తరిగిన పిదప మళ్ళీ కండపట్టి దక్షిణానికి పయనమవుతాయి. చేప లేని ఈ నీటిమీద ఇన్ని ప్రాణాల దారిబత్తెం ఆధారపడి ఉన్నది.

ఇక నగరం సంగతి. లాస్ ఏంజెలిస్ వాననీటి కొరతగల నగరం. 1913లో అది ఓవెన్స్ లోయనుండి కాలువ తెచ్చుకొన్నది. జనం పెరిగిన కొలది ఆ నీరు చాలక, ఇంకా ఉత్తరాన ఉన్న మోనో లోయవైపు చూసినది. 1940లో రాష్ట్ర జలాధికారులు నాలుగు వాగుల నీటిని మళ్ళించడానికి అనుమతి ఇచ్చినారు. సరస్సుకు హాని కలుగుతుందని వారికి తెలియకపోలేదు. గృహావసరమే నీటికి పరమప్రయోజనమని చట్టం చెబుతున్నందున తాము కాదనలేమని భావించినారు. 1941లో మళ్ళింపు మొదలైనది. 1970లో రెండవ కాలువ పూర్తి అయిన తరువాత వాగులు దాదాపు పూర్తిగా ఎండిపోయినవి. దాహంతో ఉన్న నగరాన్ని నిందించి ఊరుకోవడం సులభం. కాని లక్షల కుటుంబాల కుళాయి ఒకవైపు, పేరు తెలియని రొయ్య ఒకవైపు ఉన్నప్పుడు ఆనాటి ఏ అధికారి అయినను అదే నిర్ణయం చేసి ఉండేవాడు. లోపం త్రాసులోనే ఉన్నది. ఆ త్రాసుకు రెండవ సిబ్బె లేదు.

1982 నాటికి సరస్సు 45 అడుగులు దిగిపోయినది. నీరు సగమైనది, ఉప్పదనం రెట్టింపైనది. బయటపడిన తీరపు చవుటిధూళి గాలికి లేచి మేఘమై కమ్మినది. గల్ పక్షులకు ఆటపట్టయిన నెగిట్ దీవికి నేలదారి ఏర్పడగా, 1979లో కొయోటీలు అనే నక్కవంటి మృగాలు నడిచిపోయి గూళ్ళను పాడుచేసినవి. పక్షులు ఆ దీవిని విడిచిపోయినవి.

ఈ పతనాన్ని గుర్తించినవారు అధికారులు కారు, పేరుపొందిన పండితులు కారు. 1976లో కొందరు విశ్వవిద్యాలయ విద్యార్థులు ఒడ్డున గుడారాలు వేసి పక్షులను, ఈగలను, రొయ్యలను లెక్కించినారు. మరుసటి ఏడు వారి నివేదిక వెలువడినది. వారితో పనిచేసిన డేవిడ్ గెయిన్స్ మిత్రులతో కలిసి 1978లో మోనో లేక్ కమిటీని స్థాపించినాడు. ఏ నెలలో ఏ పక్షి వచ్చినది, నీరెంత దిగినది, న్యాయస్థానంలో ఏమి జరిగినది అన్న వార్తలతో వారు ఒక పత్రికను నడిపినారు. ఋతువార్త, వ్యాజ్యవార్త ఒకే పుటలో కనబడేవి. 1988 జనవరిలో మంచుతుపాను వేళ రోడ్డుప్రమాదంలో గెయిన్స్ మరణించినాడు, పత్రిక ఆగలేదు.

1979లో ఆడుబన్ సంఘంతో కలిసి వారు నగరంపై వ్యాజ్యం వేసినారు. 1970లో జోసెఫ్ సాక్స్ అనే న్యాయశాస్త్రాచార్యుడు ఒక వ్యాసంలో పునరుద్ధరించిన ప్రాచీన సూత్రం దానికి ఆధారమైనది. గాలి, ప్రవహించే నీరు, సముద్రతీరం ఎవరి సొత్తూ కాదని రోమన్ ధర్మశాస్త్రం చెప్పినది. ప్రభుత్వం వాటికి యజమాని కాదు, ధర్మకర్త మాత్రమే. దేవాలయ ధర్మకర్త మాన్యపు ఫలసాయాన్ని నిత్యకైంకర్యానికి వినియోగించవచ్చును గాని మాన్యాన్నే తెగనమ్మరాదన్న నియమం మనకు తెలిసినదే. 1983 ఫిబ్రవరి 17న కాలిఫోర్నియా సర్వోన్నత న్యాయస్థానం ఈ సూత్రాన్ని సరస్సుకు అన్వయించినది. నగరానికి నీరు ఇవ్వవద్దని అది చెప్పలేదు. ఇచ్చేటప్పుడు సరస్సును కూడ తూకంలో వేయవలెనని, వెనుక ఇచ్చిన అనుమతిని అవసరమైతే మళ్ళీ పరిశీలించే బాధ్యత రాజ్యానికి ఎన్నటికీ తీరదని చెప్పినది. ఆ రెండవ సిబ్బె అప్పుడు వచ్చినది. 1994 సెప్టెంబరులో రాష్ట్ర జలమండలి సరస్సు మట్టం 6,392 అడుగులకు పెరగవలెనని శాసించినది. అంతకు పూర్వం గుడారాలలో వ్రాసుకొన్న లెక్కలు ఆ విచారణలో సాక్ష్యమైనవి. నగరం కూడ పొదుపు నేర్చుకొన్నది. నీటిని తక్కువగా వాడే శౌచోపకరణాలను ఇంటింటా అమర్చినది. వాడిన నీటిని శుద్ధిచేసే పనులు చేపట్టినది. జనాభా లక్షలు పెరిగినను నగరపు నీటివాడకం 1970 నాటిని మించలేదు.

మన దేశానికి ఈ న్యాయం 1996 డిసెంబరులో వచ్చినది. హిమాచల ప్రదేశంలో బియాస్ నదిని ఒక విడిది భవనం కోసం మళ్ళించిన వ్యాజ్యంలో, మోనో తీర్పును ఉదహరిస్తూ, ప్రభుత్వం సహజసంపదకు ధర్మకర్త అన్న సూత్రం మన చట్టంలో అంతర్భాగమని సర్వోన్నత న్యాయస్థానం ప్రకటించినది. పదేళ్ళకు, 2006లో, తిరుపతి సమీపపు అవిలాల, పేరూరు చెరువుల వ్యాజ్యం వచ్చినది. చెరువుగర్భాలను ఇళ్ళనిర్మాణానికి కేటాయించడాన్ని ప్రశ్నించిన పౌరులు ఉన్నతన్యాయస్థానంలో ఓడిపోయి ఢిల్లీ చేరినారు. అక్కడను మోనో సరస్సు పేరు వినిపించినది. అప్పటికే లేచిన ఇళ్ళు నిలిచినవి. ఇక మీద కట్టడాలు వద్దని, పేరూరు చెరువుకు నీరు వచ్చే వంకను బాగుచేయవలెనని, ఇంటికప్పుల వాననీటిని నేలకు ఇంకించవలెనని తీర్పు వచ్చినది. చెరువు పోయిన తరువాత న్యాయం ఎంతవరకు చేయగలదో కూడ ఆ తీర్పు తెలుపుతున్నది.

మోనోలోను విజయం సంపూర్ణం కాలేదు. ఇరవై ఏళ్ళలో అందవలెనన్న మట్టం ముప్పై ఏళ్ళు గడచినను అందలేదు. 2023లో మంచు అపారంగా కురిసి సరస్సు అయిదు అడుగులు లేచినను, లక్ష్యం ఇంకా ఎగువనే ఉన్నది. కరవుకాలాలు తరచైనవి, నగరపు వంతు నియమాలను మార్చవలెనన్న వాదం సాగుతున్నది. ప్రతి ఏటా ఏప్రిల్ 1న నగరపు ఉద్యోగులు, కమిటీవారు కలిసి ఒడ్డుకు వెళ్ళి కొలబద్ద చదువుతారు. మనం ఉగాదినాడు పంచాంగంలో వానలెక్క వినే ఋతువది. ఆనాటి అంకెనుబట్టి ఆ ఏడు నగరానికి ఎంత నీరు పోవలెనో నిర్ణయమవుతుంది. అంకె మరీ తక్కువైతే ఒక్క బొట్టు కూడ పోరాదు. గల్ పక్షులు పర్వతాలు దాటి వచ్చే నెల కూడ అదే.